ఎన్ని రోజుల గ్యాప్, ఎన్ని నెలల ఆగుదల: పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మొన్న వేసవిలో ఓడ ఉద్యోగం చేసే కుర్రాడొకడు వీర్యపరీక్ష కోసం మా ల్యాబుకొచ్చాడు. భీమిలి వైపు ఊరు. ఎనిమిది నెలల కాంట్రాక్టు ముగించుకుని సెలవు మీద ఇంటికొచ్చాడు. పెళ్లై మూడేళ్లు. ఫారంలో "గ్యాప్" అన్న గడిలో, అంటే చివరిసారి వీర్యం పోయి ఎన్ని రోజులైందో రాసే చోట, 21 అని రాశాడు.

"ఇరవై ఒక్క రోజులా బాబూ?" అనడిగాను.

గొంతు తగ్గించి, "కౌంట్ బాగా రావాలని ఆపుకున్నానన్నయ్యా. మా మావయ్య చెప్పాడు" అన్నాడు.

అతని సెలవే రెండున్నర నెలలు. అందులో మూడు వారాలు భార్యను వేరే గదిలో పడుకోబెట్టి, పరీక్ష కోసం ఎదురుచూశాడు. శాంపిల్ మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలకు లోటు లేదు, గుంపులుగా ఉన్నాయి. కానీ చాలావరకు పడి ఉన్నాయి. కదిలేవి కూడా ముందుకు సాగడం లేదు, ఉన్నచోటే తోక ఆడిస్తున్నాయి. మధ్యలో చచ్చిన కణాల చెత్త. కదలిక 24 శాతం. డాక్టరుగారు చెప్పగా మూడు రోజుల గ్యాప్‌తో మళ్లీ ఇచ్చాడు. ఈసారి కౌంట్ కొంచెం తగ్గింది, కదలిక 46 శాతానికొచ్చింది. మనిషి అతనే, వాడిన మందేమీ లేదు. మారిందల్లా గ్యాప్.

విశాఖపట్నంలో ఇరవై ఏళ్లుగా ఈ పరీక్షలు చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు లెక్కల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. రోజుల్లో చూడాల్సిన లెక్క ఒకటి, నెలల్లో చూడాల్సింది ఇంకొకటి. వీటిని విడదీసుకుంటే సగం భయం పోతుంది, సగం ఖర్చు మిగులుతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు లోపల జరిగే పని తెలుసుకోండి

వృషణాల్లో వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుందని 1960ల్లోనే లెక్క తేల్చారు. తయారైన కణానికి అప్పటికింకా ఈత రాదు. వృషణం వెనక ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. సాగదీస్తే దాదాపు ఆరు మీటర్లు. కణం అందులోంచి మెల్లగా నడిచి వస్తూ కదలడం నేర్చుకుంటుంది. దానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టొచ్చు. మొత్తం కలిపి మూడు నెలలనుకోండి. అంటే ఇవాళ మీరిచ్చే శాంపిల్‌లోని కణాల తయారీ మూడు నెలల కిందట మొదలైంది. ఇది నెలల లెక్క.

తయారైనవి ఎపిడిడిమిస్ చివర నిల్వ ఉంటాయి. ఆ నిల్వ ఎంతకాలంగా పడి ఉందన్నదే గ్యాప్. ఇది రోజుల లెక్క.

ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున బోట్లు దిగేటప్పుడు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. రెండు వారాలు వేట చేసొచ్చిన బోటులో చేప ఎక్కువే ఉంటుంది, కానీ ఐసుపెట్టెలో అడుగున ఉన్నది మెత్తబడిపోతుంది. రాత్రి వెళ్లి పొద్దున్నే వచ్చిన తెప్పలో చేప తక్కువే, తాజాదనం ఎక్కువ. వీర్యకణాలదీ ఇదే తీరు. గ్యాప్ పెరిగేకొద్దీ పరిమాణం, కౌంట్ పెరుగుతాయి. ఒక వారం దాటాక కదలిక శాతం తగ్గుతుంది, కణం తలలో ఉండే డీఎన్ఏ దెబ్బతినడం పెరుగుతుంది. ఉత్పత్తి మాత్రం ఆగదు. ఆరోగ్యంగా ఉన్న మగవాడిలో రోజుకు కోట్ల కణాలు తయారవుతూనే ఉంటాయి. బయటికి రానివి పాతబడి లోపలే కరిగిపోతాయి, కొన్ని మూత్రంలో పోతాయి. "ఆపుకుంటే దాచుకున్నట్టు" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

ఒక చుక్క వీర్యం నూరు చుక్కల రక్తంతో సమానమని చిన్నప్పుడు వినని మగపిల్లాడు మన వైపు అరుదు. వీర్యంలో కణాల వాటా చాలా కొంచెం. మిగతాదంతా వీర్యాశయాల నుంచీ ప్రోస్టేట్ నుంచీ వచ్చే ద్రవం. అది ఊరుతూనే ఉంటుంది. ఈ మాట నమ్మి నీరసం, నడుం నొప్పి అంటూ కుమిలిపోయే కుర్రాళ్లను చూశాను. మనదేశంలో వైద్యులు దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు. అక్కడ చూడాల్సింది ఆందోళన. వీర్యం పోవడం రోగం కాదు.

మొదటి మెట్టు: గడిచిన మూడు నెలల చిట్టా రాయండి

పరీక్షకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. మూడు నెలల్లో ఒళ్లు కాలే జ్వరం వచ్చిందా? ఏ తేదీన? వాడిన మందులేమిటి? హెర్నియా, హైడ్రోసిల్ లాంటి ఆపరేషన్లేమైనా అయ్యాయా? జిమ్‌లో ఇంజెక్షన్లు వేసుకున్నారా? పనిచేసే చోట వేడి ఎంత?

జ్వరం సంగతి ముఖ్యంగా చెప్తాను, ఎందుకంటే మన ఊళ్లో వానాకాలం వచ్చిందంటే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ వరస కడతాయి. వృషణాలు ఒంటి వేడికంటే రెండు నుంచి నాలుగు సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి పొట్టలో కాకుండా బయట వేలాడతాయి. 103 డిగ్రీల జ్వరం నాలుగు రోజులుంటే తయారీలో ఉన్న కణాలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ వెంటనే పూర్తిగా కనపడదు. జ్వరం తగ్గి మనిషి తేరుకున్న కొన్ని వారాలకు కౌంట్ పడిపోతుంది. ఆగస్టులో డెంగీ వచ్చి, దసరా సెలవుల్లో పరీక్ష చేయించుకుని, "మీకు కౌంట్ లేదు" అన్న మాట విని ఏడ్చుకుంటూ వెళ్లినవాళ్లున్నారు. నవంబరు నెలాఖరుకు మళ్లీ చూస్తే మామూలుగానే ఉంటుంది. కాబట్టి పెద్ద జ్వరం తగ్గాక మూడు నెలలాగి పరీక్షకు వెళ్లండి. ముందే చేయించుకోవాల్సి వస్తే జ్వరం తేదీ ఫారం మీద రాయండి.

నేను కొత్తగా చేరిన ల్యాబులో ఫారం మీద జ్వరానికి గానీ గ్యాప్‌కు గానీ గడే ఉండేది కాదు. అలా ఎన్ని రిపోర్టులు నా చేత్తో ఇచ్చానో తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండో మెట్టు: గ్యాప్ సరిగ్గా లెక్కపెట్టండి

పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, గరిష్ఠంగా 7 రోజులు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. యూరప్ సంతాన వైద్యుల సంఘం 3 నుంచి 4 రోజులంటుంది. నన్నడిగితే మూడు రోజులు పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, రెండోసారి ఇచ్చేటప్పుడు కూడా అదే మూడు రోజులు ఉండాలి. మొదటిసారి రెండు రోజులు, రెండోసారి ఏడు రోజుల గ్యాప్‌తో ఇచ్చి, "మందు పనిచేసింది, కౌంట్ పెరిగింది" అనుకోవడంలో అర్థం లేదు. పెరిగింది గ్యాప్.

గంటల్లో లెక్కపెట్టండి. ఆదివారం రాత్రి పది గంటలకు కలిస్తే బుధవారం పొద్దున పదికి అరవై గంటలు, అంటే రెండున్నర రోజులు. హస్తప్రయోగం కూడా లెక్కలోకొస్తుంది. నిద్రలో స్ఖలనమైనా అంతే, అక్కణ్నుంచి లెక్క మళ్లీ మొదలు. చెప్పడానికి సిగ్గుపడి చాలామంది ఈ రెండూ దాచేస్తారు. మాకు తప్పుడు లెక్క, మీకు తప్పుడు రిపోర్టు.

స్టీల్ ప్లాంటులో సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి, తిండీ నిద్రా లేకుండా నేరుగా వచ్చేవాళ్లున్నారు. పడుకుని లేచి మర్నాడు రండి. శాంపిల్ ఇవ్వలేకపోవడానికి అలసటే పెద్ద కారణం.

మూడో మెట్టు: శాంపిల్ ఇచ్చేటప్పుడు

మూత్రానికి వెళ్లి, చేతులూ అంగమూ సబ్బుతో కడిగి, సబ్బు పోయేదాకా నీళ్లు పోసి తుడుచుకోండి. నూనె, ఉమ్మి, క్రీములు వాడకూడదు, ఇవి కణాల కదలికను చంపేస్తాయి. మామూలు కండోములో పట్టి తేవద్దు. ల్యాబ్ ఇచ్చిన వెడల్పు మూతి డబ్బాలోనే పట్టాలి. మొదట పడే చుక్కల్లోనే కణాలు ఎక్కువ. అవి కింద పోతే పోయాయని చెప్పండి, ఎవరూ ఏమీ అనరు, రిపోర్టులో రాస్తాం. చెప్పకపోతే ఉన్న కౌంట్ సగానికి సగం తక్కువగా కనపడుతుంది.

ల్యాబులోనే ఇవ్వడం మేలు. కుదరదు, ఇంట్లోనే ఇస్తానంటే గంటలోపు చేర్చాలి, అరగంటలో అయితే ఇంకా మంచిది. మన ఊళ్లో పేచీ ఇక్కడే. కూర్మన్నపాలెం నుంచి మహారాణిపేటకు బండి మీద వస్తూ గాజువాకలో ఇరుక్కుని, మళ్లీ ఎన్ఏడీ దగ్గర ఇరుక్కుంటే గంట ఎప్పుడో దాటిపోతుంది. అటువైపు ఉన్నవాళ్లు గాజువాకలోనే మంచి ల్యాబు చూసుకోండి. డబ్బాను బండి డిక్కీలో పెట్టకండి. మే నెల ఎండలో డిక్కీ పొయ్యిలా కాలుతుంది. ఐసు పెట్టకండి. చొక్కా లోపల ఒంటికి ఆనించి తెస్తే చాలు. డబ్బా మీద పేరు, శాంపిల్ పట్టిన సమయం రాయండి.

నాలుగో మెట్టు: రిపోర్టు చదవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ఆరో ఎడిషన్ ప్రకారం కనీస హద్దులివి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 16 మిలియన్ కణాలు అంటే కోటీ అరవై లక్షలు, మొత్తం 39 మిలియన్లు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగేవి 30 శాతం, రూపం బాగున్నవి 4 శాతం. ఆ నాలుగు శాతం చూసి చాలామంది బెంబేలెత్తిపోతారు, 96 శాతం చెడ్డవా అని. మనిషి వీర్యంలో అది మామూలే. ఈ అంకెలు ప్రయత్నించిన ఏడాదిలోపు భార్యకు గర్భం నిలిచిన మగవాళ్లను పరీక్షించి, వాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత. గీతకు కింద ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే పుట్టితీరతారనీ కాదు.

ఒక్క కౌంట్ చూసి ఆగకండి. పరిమాణాన్ని కౌంట్‌తో, దాన్ని ముందుకు సాగే శాతంతో గుణించండి. ఉదాహరణకు రెండు రోజుల గ్యాప్‌తో 1.8 మిల్లీలీటర్లు, 22 మిలియన్లు, 40 శాతం అనుకుందాం. ముందుకు సాగేవి దాదాపు 16 మిలియన్లు. అదే మనిషి ఎనిమిది రోజులాగితే 3.2 మిల్లీలీటర్లు, 38 మిలియన్లు, 28 శాతం అనుకోండి. 34 మిలియన్లు. చూడ్డానికి ఆగిందే మేలనిపిస్తుంది. కానీ ఆ ఎనిమిది రోజుల్లో రెండు రోజులకొకసారి కలిస్తే నాలుగుసార్లు, అంటే 63 మిలియన్లు. పైగా తాజావి.

2005లో ఇజ్రాయెల్ వైద్యులు 9,489 శాంపిళ్లు పరిశీలించి ప్రచురించారు. కౌంట్ తక్కువ ఉన్న మగవాళ్లలో కదలిక అన్నిటికంటే బాగా ఉన్నది ఒక్కరోజు గ్యాప్‌తోనే. కౌంట్ తక్కువ అన్నవాళ్లనే మన ఇళ్లలో ఎక్కువ రోజులు ఆగమంటారు. జరగాల్సింది దానికి తిరగబడి ఉంది.

ఒక్క రిపోర్టుతో తీర్పు రాసుకోవద్దు. అదే మనిషికి వారం వారం అంకెలు మారతాయి. బాగా లేకపోతే కొన్ని వారాలాగి అదే ల్యాబులో, అదే గ్యాప్‌తో మళ్లీ చేయించండి.

ఐదో మెట్టు: ఇంట్లో గ్యాప్ అక్కర్లేదు

పరీక్ష గ్యాప్ పరీక్షకే. పిల్లల కోసం కలిసేటప్పుడు దాన్ని ఇంటికి తెచ్చుకోకండి. అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణం స్త్రీ గర్భాశయమార్గంలో ఐదు రోజుల దాకా బతకగలదు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, ఈ ఆరు రోజులే గర్భం నిలిచే కాలం. 28 రోజులకు నెలసరి వచ్చే స్త్రీలో సుమారు పద్నాలుగో రోజు అండం విడుదలవుతుంది, కానీ అందరికీ అలాగే జరగదు. నెలసరి రక్తస్రావం ఆగిన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు కలిస్తే తేదీల లెక్క అవసరమే ఉండదు. రోజూ కలిసినా నష్టం లేదు. "ఆ రోజు కోసం దాచిపెట్టాం" అనే జంటలు అసలు రోజును తప్పించుకుపోతుంటారు, లేదా ఆ ఒక్కరాత్రి ఒత్తిడిలో ఏమీ జరగదు.

ఓడల మీద, నేవీలో పనిచేసేవాళ్లకు ఒక మాట. నెలల తరబడి దూరంగా ఉండి ఇంటికొచ్చిన తొలి శాంపిల్‌ను నమ్మకండి. ముందు రెండు మూడుసార్లు పాత నిల్వ పోనివ్వండి, తర్వాత మూడు రోజులాగి ఇవ్వండి. వేటకెళ్లే అన్నదమ్ములకూ ఇదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో 61 రోజులు ఇంటి దగ్గరుంటారు కదా, పరీక్షలకూ ప్రయత్నానికీ అంతకంటే వీలైన కాలం మీకు దొరకదు.

ఆరో మెట్టు: మూడు నెలలు దేనికోసం ఆగాలి

ఇప్పుడు నెలల లెక్క. ఏదైనా మానేసినా, మందు మొదలుపెట్టినా, ఆపరేషన్ అయినా ఫలితం మూడు నెలల తర్వాతే చూడాలి. నెలకే పరీక్ష చేయించి నిరాశపడొద్దు.

సిగరెట్, ఖైనీ, గుట్కా మానండి. మద్యం తగ్గించండి, కుదిరితే మానండి. ఫర్నేసు దగ్గర, షిప్‌యార్డు వెల్డింగులో పనిచేసేవాళ్లు మధ్యమధ్య నీడకొచ్చి, గాలాడే కాటన్ బట్టలు వేసుకోండి. ఇంటికొచ్చాక వేడినీళ్ల టబ్బులో కూర్చోవద్దు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దు. పొట్ట తగ్గించండి. షుగర్ ఉంటే అదుపులోకి తెండి.

జిమ్ సంగతి గట్టిగా చెప్పాలి. కండల కోసం టెస్టోస్టెరోన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసుకుంటే "ఒంట్లో చాలినంత ఉంది" అని మెదడు వృషణాలకు సంకేతం ఆపేస్తుంది. కౌంట్ సున్నాకు పడిపోవచ్చు. చూస్తే ఆరోగ్యంగా, గుండ్రాయిలా ఉన్న కుర్రాడి శాంపిల్‌లో ఒక్క కణం లేకపోవడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. ఇక్కడ మూడు నెలలు చాలవు. ఆపేశాక ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి రెండేళ్ల దాకా పడుతుంది. పిల్లలు కావాలనుకునే మగవాడు "మగతనం" కోసం టెస్టోస్టెరోన్ వేసుకోవడమంత పొరపాటు ఇంకోటి లేదు.

లోపల ఏముందో రాయని పొడులు, లేహ్యాలు కొనకండి. మెడికల్ షాపు మాత్రల మీద కూడా మరీ ఆశ పెట్టుకోకండి. మగవాళ్లకు జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి ఇస్తే పనిచేస్తాయా అని 2,370 జంటల మీద చూసిన అమెరికా పరిశోధన 2020లో వచ్చింది. వీర్యం నాణ్యతా పెరగలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు.

వృషణం పైన, ఎక్కువగా ఎడమవైపు, నిలబడి తడిమితే వానపాముల మూటలా తగిలితే అది వేరికోసిల్, అంటే ఉబ్బిన సిరలు. మగవాళ్లలో వందకు పదిహేను మందికి ఉంటుంది, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. డాక్టరు అవసరమన్నాక చేయించుకుంటే మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి పరీక్ష. వేసెక్టమీ, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకున్నవాళ్లకు ఇదే లెక్క తిరగేసి పనిచేస్తుంది. పాత నిల్వ ఖాళీ కావడానికి మూడు నెలలు పడుతుంది, శాంపిల్‌లో కణాలు లేవని తేలేదాకా జాగ్రత్త వదలకూడదు.

ఏడో మెట్టు: ఆగకూడనివాళ్లు

భార్యకు 35 దాటితే, ఆరు నెలల ప్రయత్నం తర్వాత ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మిగతావాళ్లకు ఏడాది. ఇద్దరూ కలిసి అన్న మాట ఒత్తి చెప్తున్నాను. కోడల్ని రెండేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిప్పి, ట్యూబు పరీక్షలన్నీ చేయించి, ఆఖర్న కొడుకును మా దగ్గరకు పంపిన ఇళ్లు ఎన్నో. అన్నిటికంటే చవకైన, నొప్పిలేని పరీక్ష మగవాడిది. అది మొదట జరగాలి.

కౌంట్ సున్నా వస్తే మూడు నెలలాగి చూద్దామనుకోవద్దు. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున వెతకాలి, మళ్లీ ఒకసారి పరీక్షించాలి, హార్మోన్లు చూడాలి. పరిమాణం మరీ తక్కువై, వీర్యాశయాల ద్రవంలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర లేకపోతే దారి మూసుకుపోయి ఉండొచ్చు. అలాంటివాళ్లకు తయారీ చాలావరకు లోపల బాగానే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు. చిన్నప్పుడు వృషణం దిగకపోయినా, పెద్దయ్యాక గవదబిళ్లలతో వృషణం వాచినా, ఇప్పుడు గడ్డ తగిలినా వెంటనే యూరాలజిస్టును కలవండి.

చివరగా క్యాన్సర్ మాట. కీమోథెరపీ, రేడియేషన్ వృషణాల తయారీని నెలలు, ఏళ్లు, కొన్నిసార్లు శాశ్వతంగా ఆపేస్తాయి. అందుకే చికిత్సకు ముందే వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచే ఏర్పాటుంది. సంతాన చికిత్సలను నియంత్రించడానికి 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టరైన చోటే దాచాలి. ఆ సమయంలో మూడు రోజుల గ్యాప్ పట్టించుకోకండి. ఒక్కరోజు గ్యాప్‌తో ఇచ్చినా, వరసగా రెండు మూడు శాంపిళ్లు ఇచ్చినా పనికొస్తాయి. పెళ్లికాని కుర్రాడి విషయంలో ఈ మాట ఎత్తడానికి ఇంట్లోవాళ్లు మొహమాటపడతారు, డాక్టరు హడావుడిలో మర్చిపోవచ్చు. కీమో తేదీ చెప్పిన రోజే మీరడగండి, మొదటి సెలైన్ ఎక్కకముందే ఆ శాంపిల్ ఇవ్వాలి.